పిసాంకా: గుడ్డు మీద మైనంతో రాత

ఉక్రెయిన్‌లో ఈస్టర్ గుడ్ల మీద ఉండే ఆ సన్నటి డిజైన్లు చూసి చాలామంది పెయింటింగ్ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా, కానీ అక్కడ బ్రష్‌తో పనే లేదు. వాళ్ల భాషలో పిసాతి అంటే రాయడం, అందుకే పిసాంకా. మన కలంకారీ పేరులోనూ కలం ఉంది కదా, అలాగన్నమాట. ఉడకబెట్టి ఒకే రంగులో ముంచి తినేసేది క్రాషంకా, అది వేరే.

తెల్ల గుడ్లు పచ్చివే తీసుకోండి, ఫ్రిజ్‌లోంచి ముందే బయటపెట్టండి, చెమట పట్టిన పెంకు మీద మైనం నిలవదు. తేనెమైనం, కొవ్వొత్తి, గుడ్లకి వాడే రంగులు, కొంచెం వెనిగర్ కావాలి. ఇంకా కిస్త్కా, అంటే పుల్ల చివర బుల్లి లోహపు గరాటు. దాన్ని మంటలో వేడిచేసి మైనం గీకితే కరిగి సన్నగా కారుతుంది. గీత గీసేటప్పుడు చెయ్యి కదపకుండా గుడ్డునే తిప్పాలి, అసలు కిటుకంతా ఇదే.

ఇక్కడ బుర్ర తిరగేసి ఆలోచించాలి. తెల్లగా మిగలాల్సిన చోట ముందు మైనం రాసి పసుపు రంగులో ముంచాలి, ఆరాక పసుపుగా ఉండాల్సిన చోట మైనం, తర్వాత ఆరెంజ్, ఎరుపు, చివరికి నలుపు. అంటే మీరు రంగు వేయట్లేదు, ఉన్న రంగుని దాచుకుంటూ పోతున్నారు. తప్పు గీత పడితే చెరపడం కుదరదు, దాన్నే ఆకో, గోధుమ కంకో చేసేయండి, రెండూ అక్కడి పాత గుర్తులే.

చివరికి గుడ్డు నల్ల ముద్దలా ఉంటుంది, కంగారుపడొద్దు. మంట పక్కన పెట్టి మైనం మెరవగానే టిష్యూతో తుడుస్తూ పోతే ఒక్కో రంగూ బయటికొస్తుంది, అది చూడాలసలు! మంట పైన మాత్రం పెట్టకండి, నా మొదటి గుడ్డు మసిపట్టి పాడైంది అలాగే.

ఉక్రెయిన్ కొండల్లో ఉండే హుత్సుల్ జనంలో ఒక నమ్మకం ఉంది, పిసాంకాలు రాస్తున్నంత కాలం గొలుసులతో కట్టేసిన దుష్టశక్తి వదులు కాదట. అక్కడి కొలోమియా ఊళ్లో గుడ్డు ఆకారంలోనే పిసాంకా మ్యూజియం కట్టారు, 2024లో ఈ కళ యునెస్కో జాబితాలోనూ చేరింది.

అయ్యాక వార్నిష్ పూసి, చిన్న చిల్లు పెట్టి లోపలిది ఊదేయండి. పచ్చిగానే ఉంచితే గాలి ఆడే చోట పెట్టండి, మూత డబ్బాలో మాత్రం వద్దు, పగిలితే ఆ కంపు వారం పోదు.