వెబ్లీలో .22 కిట్: మొదటి దెబ్బకు పేలదు, రెండో దెబ్బకు పేలుతుంది

1915లో సైన్యంలోకి వచ్చిన వెబ్లీ మార్క్ 6 రివాల్వర్ అసలు తూటా .455 (అంగుళాల్లో తూటా వ్యాసం). చవగ్గా సాధన చేయడానికి, దానితో చిన్న .22 తూటాలు కాల్చే కిట్లు వచ్చాయి. బ్యారెల్‌లో దూర్చే సన్నని గొట్టం (లైనర్), విడిగా ఒక సిలిండర్, అంటే తూటాలు పెట్టే రంధ్రాలున్న (చాంబర్లు) తిరిగే భాగం. బర్మింగ్‌హామ్‌కు చెందిన పార్కర్-హేల్ కిట్లు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. కిట్ ఎక్కించడం, దించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: సిలిండర్ తిరగడం లేదు, ట్రిగ్గర్ బరువెక్కింది

ముందు ఎక్స్‌ట్రాక్టర్ స్టార్ (తూటాల ఖాళీ గుల్లలను, అంటే షెల్స్‌ను, బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు భాగం) కింద చూడండి. దయచేసి చూడండి. తెరిచి ఖాళీ షెల్స్ తీసేటప్పుడు కాలని మందు రవ్వలు దాని కింద పడతాయి. ఒక్క రవ్వ చాలు, స్టార్ పూర్తిగా కూర్చోదు. పాత టూత్‌బ్రష్‌తో ఒక నిమిషం పని. దీనికే ట్రిగ్గర్ భాగాలన్నీ విప్పేసి తెచ్చేవాళ్లున్నారు. అది శుభ్రంగా ఉంటేనే లైనర్ వెనక అంచు సిలిండర్‌కు రాసుకుంటోందేమో చూడాలి. రాసుకుంటే సిలిండర్ ముఖం మీద మెరిసే గీత కనిపిస్తుంది.

సమస్య: మొదటి దెబ్బకు మిస్‌ఫైర్, అదే తూటా రెండో దెబ్బకు పేలుతోంది

అందరూ హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే తూటాను కొట్టే భాగం) స్ప్రింగ్ బలహీనమైందంటారు, కొత్తది కొంటారు, తగ్గదు. ఇక్కడ స్ప్రింగ్ తప్పు చాలా అరుదు. హ్యామర్ మొదటి దెబ్బ తూటాను చాంబర్‌లోకి నెట్టడానికే ఖర్చయిపోతోంది. అప్పటికి తూటా పూర్తిగా కూర్చుంది కాబట్టి రెండో దెబ్బ రిమ్‌ను (షెల్ అడుగు అంచు, దెబ్బకు అంటుకునే మందు ఉండేది అక్కడే) నలిపి పేలుస్తుంది.

ఎందుకు కూర్చోలేదు? .22 బుల్లెట్‌కు బయటే మైనం పూత ఉంటుంది. ఆ మైనం, సీసం, మసి కలిసి షెల్ మూతి ముందు గట్టి వలయంలా పేరుకుంటాయి. ఎవరైనా అందులో .22 షార్ట్ అనే పొట్టి తూటా కాల్చి ఉంటే మరీ కష్టం. షార్ట్ షెల్ పొడవు దాదాపు 10.7 మి.మీ., మామూలుగా వాడే .22 లాంగ్ రైఫిల్‌ది 15.6. అంటే లాంగ్ రైఫిల్ షెల్ కూర్చోవాల్సిన చోటే వలయం కడుతుంది. బొటనవేలితో నొక్కితే తూటా లోపలికి వెళ్లినట్టే ఉంటుంది. నూనె గుడ్డతో తుడిస్తే చాంబర్ తళతళలాడుతుంది. అందుకే ఇది దొరకదు.

పరీక్ష ఇలా. మిస్‌ఫైర్ అయ్యాక తుపాకీ మొన టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, తూటా తీసేసి, రేంజ్‌లో అది వేయమన్న చోట వేయండి. ఏ చాంబర్‌లో ఆగిందో గుర్తు పెట్టుకోండి. ప్రతిసారీ అవే ఒకటి రెండు చాంబర్లయితే స్ప్రింగ్ నిర్దోషి. స్ప్రింగ్ తప్పయితే అన్ని చాంబర్లూ మొరాయిస్తాయి. తర్వాత సిలిండర్ బయటికి తీసి నిలబెట్టి, ఒక్కో చాంబర్‌లో తూటా వదలండి. తన బరువుతో తాను దిగాలి. పక్క నుంచి చూస్తే రిమ్‌లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి.

పరిష్కారం: సాల్వెంట్ పోసి రాత్రంతా నానబెట్టి, .22 సైజు కంచు బ్రష్‌ను చేత్తో తిప్పుతూ రుద్దండి. డ్రిల్ వద్దు, గరుకు కాగితం అసలే వద్దు. చాంబర్ వెడల్పయితే షెల్స్ ఉబ్బి ఇరుక్కుంటాయి, మళ్లీ పూడ్చలేం.

వలయం పోయినా ఒక చాంబర్‌లో రిమ్ పైకే ఉంటే, అక్కడ అంచు మీద చిన్న నొక్కు వెతకండి. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ (రిమ్‌ను కొట్టే మొన) చాంబర్ అంచునే కొడుతుంది, ఆ లోహం లోపలికి పొడుచుకొస్తుంది. దాన్ని ఆకురాయితో గీకకుండా గన్‌స్మిత్‌కు ఇవ్వండి.

సమస్య: పక్క నుంచి సీసం చిమ్ముతోంది

లైనర్‌ను బిగించే నట్ వదులైంది. బిగించినా చిమ్మితే సిలిండర్ టైమింగ్, అంటే చాంబర్ బ్యారెల్‌కు సూటిగా వచ్చి ఆగడం లేదు, అది గన్‌స్మిత్ పని.

గురి ఎత్తు తేడా రావడం లోపమే కాదు, ఆ సైట్లు .455 కోసం పెట్టినవి. పిన్ విరగడం, హ్యామర్ పగలడం లాంటివి అరుదు, వస్తే చూడగానే తెలుస్తుంది.

మన దేశంలో ఎవరైనా పాత కిట్ కొనబోతుంటే ముందు లైసెన్స్ అధికారిని అడగండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధం భాగాలు కూడా ఆయుధాలే.