కొత్త పైథాన్ వేసినా వీఎస్ కోడ్ పాతదాన్ని వదలకపోతే

పైథాన్ 3.13 ఇన్‌స్టాల్ అయింది. అయినా వీఎస్ కోడ్‌లో ప్రోగ్రామ్ నడిపితే ఇంకా 3.9 అనే వస్తోంది, 3.9కు తెలియని మ్యాచ్-కేస్ రాసిన చోటల్లా ఎర్ర గీతలు పడుతున్నాయి. చాలామంది వెంటనే పైథాన్‌ను పీకేసి మళ్లీ వేస్తారు. దానివల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. వీఎస్ కోడ్ దృష్టిలో పైథాన్ ఒక్కటి కాదు మరి. కింద స్టేటస్ బార్‌లో ఎంచుకున్న ఇంటర్‌ప్రెటర్ (కోడ్‌ను నడిపే పైథాన్ ప్రోగ్రామ్) ఒకటి, టెర్మినల్‌కు పాత్‌లో (ప్రోగ్రాములను వెతికే ఫోల్డర్ల జాబితాలో) ముందుగా తగిలేది ఒకటి, రన్ బటన్ పిలిచేది ఒకటి, నోట్‌బుక్ కెర్నల్ (నోట్‌బుక్‌లోని కోడ్‌ను నడిపేది) మరొకటి. వీటిలో పాతది ఎక్కడ కూర్చుందో ముందు పట్టుకోవాలి.

(కమాండ్లను ఇక్కడ చదివే పద్ధతిలో రాశాం. టైప్ చేసేటప్పుడు ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో, అంతా చిన్నబడిలో.)

ముందు ఈ పరీక్ష చేయండి

కొత్త ఫైల్‌లో రెండే లైన్లు రాయండి. మొదటిది ఇంపోర్ట్ సిస్. రెండోది ప్రింట్, దాని బ్రాకెట్లలో సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్. మీరు రోజూ నొక్కే బటన్‌తోనే దాన్ని నడపండి. ఏ ఫోల్డర్‌లోని పైథాన్ నడుస్తోందో పూర్తి చిరునామాతో సహా కనిపిస్తుంది. వెర్షన్ నంబర్ ఒక్కటే చూస్తే చాలదు: ఒకే మెషీన్‌లో రెండు 3.13లు ఉండొచ్చు, మీ ప్యాకేజీలు వాటిలో ఒకదాంట్లోనే ఉండొచ్చు.

లక్షణం: కింద కుడివైపు పాత వెర్షనే కనిపిస్తోంది

పైథాన్ ఫైల్ తెరిచి ఉంటేనే స్టేటస్ బార్‌లో ఆ నంబర్ కనిపిస్తుంది. దాని మీద క్లిక్ చేయండి, లేదా కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కి "పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్" ఎంచుకోండి. జాబితాలో 3.13 లేకపోతే పైనున్న రిఫ్రెష్ గుర్తు నొక్కండి. అప్పటికీ రాకపోతే "ఎంటర్ ఇంటర్‌ప్రెటర్ పాత్" ద్వారా మీరే చూపించాలి. విండోస్‌లో మీ ఒక్క యూజర్‌కే వేసుకున్న 3.13 సాధారణంగా మీ యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా, లోకల్, ప్రోగ్రామ్స్, పైథాన్, పైథాన్313 వరుసలో ఉంటుంది. యాప్‌డేటా దాచిన ఫోల్డర్ కాబట్టి మామూలుగా వెతికితే కంటపడదు.

సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ ఇంటర్‌ప్రెటర్ పాత్ మార్చి, ఏమీ మారలేదని విసుక్కునేవారూ ఉన్నారు. ఒక ప్రాజెక్టుకు ఒకసారి ఇంటర్‌ప్రెటర్ ఎంచుకున్నాక ఆ ఎంపికే గుర్తుండిపోతుంది, డిఫాల్ట్‌ను పట్టించుకోదు. "పైథాన్: క్లియర్ వర్క్‌స్పేస్ ఇంటర్‌ప్రెటర్ సెట్టింగ్" నడిపి, మళ్లీ ఎంచుకోండి.

లక్షణం: కింద 3.13 ఉంది, రన్ చేస్తే 3.9 వస్తోంది

ఎక్కువసార్లు దొరికే దొంగ కోడ్ రన్నర్ ఎక్స్‌టెన్షన్. ఇది స్టేటస్ బార్ ఎంపికను చూడదు. మొదట్లో ఉన్న సెట్టింగ్ ప్రకారం "పైథాన్" అనే పేరుతో పాత్‌లో ఏది దొరికితే దాన్నే పిలుస్తుంది. గుర్తుపట్టడం సులువు: ఫలితం టెర్మినల్ ట్యాబ్‌లో కాకుండా అవుట్‌పుట్ ట్యాబ్‌లో "రన్నింగ్" అనే మాటతో మొదలైతే అది కోడ్ రన్నర్ పనే. పైన త్రికోణం పక్కనున్న చిన్న బాణం నొక్కి "రన్ కోడ్" బదులు "రన్ పైథాన్ ఫైల్" ఎంచుకోండి. వేరే భాషలకు అవసరం లేకపోతే ఆ ఎక్స్‌టెన్షన్‌ను డిజేబుల్ చేయడమే మేలు.

ఎఫ్5 నొక్కినప్పుడు మాత్రమే పాతది వస్తుంటే, ప్రాజెక్టులోని డాట్ వీఎస్‌కోడ్ ఫోల్డర్‌లో లాంచ్ డాట్ జేసన్ చూడండి. అందులో "పైథాన్" అనే కీకి పాత చిరునామా ఉంటే ఆ లైను తీసేయండి.

లక్షణం: టెర్మినల్‌లో మాత్రమే పాతది

వీఎస్ కోడ్ తాను మొదలైనప్పటి పాత్‌నే టెర్మినళ్లకు ఇస్తుంది. అందుకే ఒక్క టెర్మినల్‌ను మూసి తెరిస్తే సరిపోదు, వీఎస్ కోడ్ విండోలన్నీ మూసి మళ్లీ తెరవాలి.

అయినా మారకపోతే కారణం పాత్ వరుస. విండోస్ ముందు సిస్టమ్ పాత్, ఆ తర్వాతే యూజర్ పాత్ చూస్తుంది. 3.9ను యూజర్లందరికీ, 3.13ను మీ ఒక్కరికే వేసి ఉంటే ప్రతిసారీ 3.9దే గెలుపు. దీనితో కుస్తీ పట్టే బదులు "పివై" అనే పైథాన్ లాంచర్ వాడండి. "పివై", స్పేస్, హైఫన్, 0పి అని కొడితే లాంచర్‌కు తెలిసిన పైథాన్‌లన్నీ చిరునామాలతో వస్తాయి. "పివై", స్పేస్, హైఫన్, 3.13 అంటే కచ్చితంగా ఆ వెర్షనే నడుస్తుంది.

"పైథాన్" అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటోందా? విండోస్ సెట్టింగ్స్‌లో "యాప్ ఎగ్జిక్యూషన్ అలియాసెస్" వెతికి, అక్కడ పైథాన్ స్విచ్‌లు ఆపేయండి.

లక్షణం: ఒక్క ప్రాజెక్టు మాత్రం మారనంటోంది

ఆ ప్రాజెక్టులో డాట్ వెన్వ్ ఫోల్డర్ ఉండి ఉంటుంది. అది వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఆ ప్రాజెక్టు ప్యాకేజీలను విడిగా ఉంచే చోటు. ఏ పైథాన్‌తో పుట్టిందో దానికే కట్టుబడి ఉంటుంది. సిస్టమ్‌లో కొత్తది వేసినంత మాత్రాన ఇది మారదు. ఆ ఫోల్డర్‌లోని పైవెన్వ్ డాట్ సీఎఫ్‌జీ తెరిస్తే వెర్షన్ లైనులో అసలు సంగతి కనిపిస్తుంది. ఆ లైను దిద్దితే పని జరగదు. ప్యాకేజీలు పాత వెర్షన్ కోసం వేసినవి, వాటిలో సీ భాషతో కంపైల్ చేసిన భాగాలు కొత్తదానికి పనికిరావు. పాతది తీసేసి కొత్తది కట్టుకోవడమే దారి.

పాత ఎన్విరాన్‌మెంట్ యాక్టివ్‌గా ఉండగానే పిప్ ఫ్రీజ్ కమాండ్ ఇచ్చే ప్యాకేజీల జాబితాను ఒక ఫైల్‌లో దాచుకోండి. టెర్మినళ్లు మూసి ఫోల్డర్ డిలీట్ చేయండి. ఫోల్డర్ వాడుకలో ఉందని విండోస్ మొరాయిస్తే వీఎస్ కోడ్‌ను కూడా మూసేయండి. తర్వాత ప్రాజెక్టు ఫోల్డర్‌లో "పివై హైఫన్ 3.13 హైఫన్ ఎం వెన్వ్ డాట్ వెన్వ్" నడిపి, స్టేటస్ బార్‌లో ఈ కొత్తదాన్ని ఎంచుకోండి.

ఆ జాబితాను ఉన్నదున్నట్టు ఇన్‌స్టాల్ చేయబోతే చిక్కు. అందులోని పాత నంపై, పాండాస్ వెర్షన్లకు 3.13కు సరిపడే వీల్ ఫైళ్లు (ముందే కంపైల్ చేసి ఉంచినవి) ఉండవు. పిప్ వాటిని సోర్స్ నుంచి కంపైల్ చేయబోయి "మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ 14.0 లేదా అంతకంటే కొత్తది కావాలి" అనే అర్థం వచ్చే ఎర్రర్‌తో ఆగుతుంది. అది చూసి పెద్ద బిల్డ్ టూల్స్ డౌన్‌లోడ్ మొదలుపెట్టకండి. జాబితాలో మీరు నేరుగా వాడే ప్యాకేజీల పేర్లే ఉంచి, వెర్షన్ నంబర్లు తీసేసి మళ్లీ ప్రయత్నించండి. "డిస్ట్‌యుటిల్స్ లేదు" అని వస్తే కారణం ఇది: పైథాన్‌తో పాటు వచ్చే ఆ పాత మాడ్యూల్‌ను 3.12లోనే తీసేశారు. సెటప్‌టూల్స్ ఇన్‌స్టాల్ చేస్తే చాలాసార్లు గట్టెక్కుతుంది.

పవర్‌షెల్‌లో ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేయబోతే స్క్రిప్టులు నడపడం నిషేధమని వస్తే, ఎగ్జిక్యూషన్ పాలసీని కరెంట్ యూజర్ పరిధిలో రిమోట్‌సైన్డ్‌గా మార్చండి. మెషీన్ మొత్తానికి మార్చనక్కర్లేదు.

నోట్‌బుక్, లినక్స్

నోట్‌బుక్‌కు స్టేటస్ బార్‌తో సంబంధం లేదు. పైన కుడివైపు కెర్నల్ పేరు నొక్కి విడిగా ఎంచుకోవాలి, ఆ ఎన్విరాన్‌మెంట్‌లో ఐపైకెర్నల్ అనే ప్యాకేజీ ఉండాలి.

ఉబుంటు 22.04తో వచ్చేది 3.10. దాని పక్కన 3.13 వేసుకోవచ్చు కానీ, సిస్టమ్‌లోని పైథాన్3 లింకును మాత్రం కొత్తదానికి తిప్పకండి. ఉబుంటు సొంత టూల్స్ కొన్ని ఆ 3.10 మీదే ఆధారపడతాయి. లింకు మారితే మామూలు అప్‌డేట్లు కూడా ఎర్రర్లు చూపించడం మొదలుపెడతాయి.