రోజూ డ్యూటీకి పాత టూరింగ్ బండి: కొనేముందు నేను చూసేవి

ఇల్లు హయత్‌నగర్‌లో, పని బాలానగర్‌లో. ఒకవైపే 30 కిలోమీటర్ల పైన. ఎల్బీనగర్, ఉప్పల్, తార్నాక, ప్యారడైజ్ దాటుకుంటూ వెళ్ళాలి. వంద సీసీ బండి మీద ఎనిమిదేళ్ళు తిరిగాక నడుం పట్టేసేది. నిటారుగా కూర్చోగలిగే హ్యాండిల్, వెడల్పాటి సీటు, గుంతల్లో కుదుపు తెలియని బరువు ఉన్న బండి కావాలనిపించింది. కొత్తది కొనే స్తోమత లేదు. అలా 2023లో ఒక 2013 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350 తీసుకున్నాను. ఇప్పటికీ రోజూ దాని మీదే వెళ్తున్నాను. ఆ తర్వాత మా డిపార్ట్‌మెంట్‌లో నలుగురికి ఇలాంటి బండ్లే చూసి పెట్టాను.

అమ్మేవాళ్ళు ఎప్పుడూ బండి లాంగ్ రైడ్ సంగతులే చెప్తారు. లడఖ్ వెళ్ళొచ్చింది, గోవా వెళ్ళొచ్చింది, వంద స్పీడులో కూడా వైబ్రేషన్ ఉండదు అంటారు. అవి నిజమే కావచ్చు. కానీ మీరు ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద వెళ్ళరు, అక్కడ టూ వీలర్లని రానివ్వరు. మీ రోజంతా ఇరవై స్పీడులో, సెకండ్ గేర్‌లో, సిగ్నళ్ళ దగ్గరే గడుస్తుంది. కాబట్టి బండిని నెమ్మదిగా నడిపి చూడండి. ఖాళీ రోడ్డు మీద ఒక రౌండ్ కొట్టి "సూపర్ ఉందన్నా" అని అడ్వాన్స్ ఇచ్చేయకండి.

ముందు ఫోన్‌లోనే చెప్పండి, "అన్నా, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. నాగోల్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంజన్ వేడిగా తగిలింది. "ఇప్పుడే పాలకి వెళ్ళొచ్చా అన్నా" అన్నాడు. సరే అని మర్నాడు పొద్దున ఆరింటికి చెప్పకుండా వెళ్ళాను. చల్లటి ఇంజన్ కిక్ కొడితే ఏడోసారికి అందుకుంది, సైలెన్సర్‌లోంచి నీలం పొగ. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ తాగుతోందని. చలికాలం పొద్దున కాసేపు తెల్లటి ఆవిరి వస్తే ఫరవాలేదు, నీలం మాత్రం వద్దు. ఆ బండి వదిలేశాను.

సెల్ఫ్ నొక్కేటప్పుడు ఇంజన్ దగ్గర చెవి పెట్టి వినండి. పాత 350 బండ్లలో స్ప్రాగ్ క్లచ్ (సెల్ఫ్ మోటార్ తిప్పుడిని ఇంజన్‌కి అందించే భాగం) అరిగితే సెల్ఫ్ నొక్కగానే ఖడక్ మని ఇనుము కొట్టుకున్న చప్పుడు వస్తుంది. డౌన్ అయిన బ్యాటరీతో సెల్ఫ్ కొడుతూ పోతే అది పోతుంది, బాగు చేయాలంటే ఇంజన్ ఎడమ పక్క కవర్ విప్పాలి. ట్రాఫిక్‌లో రోజుకి పదిసార్లు ఆపి స్టార్ట్ చేసేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

ఇక అసలు పరీక్ష. వీలైతే ఎండలో, రద్దీ టైంలో ఒక ఇరవై నిమిషాలు తిప్పండి. ఇంజన్ బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేర్‌లో క్లచ్ పూర్తిగా పట్టుకుని ఆగండి. బండి ముందుకి పాకుతోందా? న్యూట్రల్ దొరక్క గేర్ లివర్‌తో కుస్తీ పడుతున్నారా? కేబుల్ సరిచేస్తే పోవచ్చు, లేదా క్లచ్ ప్లేట్లు మార్చాల్సి రావచ్చు. మెకానిక్ చెప్పేదాకా ప్లేట్ల ఖర్చు లెక్కలో వేసుకోండి. తర్వాత నాలుగో గేర్‌లో తక్కువ స్పీడులో ఉండి ఒక్కసారి రేజ్ ఇవ్వండి. మోత పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఈ ఇరవై నిమిషాల్లో మీ ఎడమ చెయ్యి ఎలా ఉందో, తొడలకి ఎంత వేడి తగులుతోందో కూడా తెలుస్తుంది. థండర్‌బర్డ్ వేడి నేను తట్టుకోగలిగాను. మా కొలీగ్ ఒకతను మాత్రం రెండు నెలలు తిప్పి, తన వల్ల కాదని అమ్మేసి బజాజ్ అవెంజర్ 220 తీసుకున్నాడు. తేలిక, సీటు కిందకి ఉంటుంది, ఇప్పుడు హాయిగా ఉన్నాడు.

బరువు సంగతి. థండర్‌బర్డ్ 190 కిలోల పైమాటే. నడుస్తున్నప్పుడు తెలీదు, పార్కింగ్‌లో తెలుస్తుంది. మీ సెల్లార్ ర్యాంప్ ఎలాంటిదో గుర్తు తెచ్చుకుని, అలాంటి చిన్న ఎత్తు మీదకి బండిని వెనక్కి నెట్టి చూడండి. మీ ఒక్కరి వల్ల కాకపోతే ఎంత ముద్దొచ్చినా ఆ బండి మీకు కాదు. మా ఫ్యాక్టరీ షెడ్డులో బండ్లు మూడు వరసల్లో పెడతారు, అందులోంచి తీయడమే రోజూ ఒక పని.

టూర్లు తిరిగిన బండిలో ప్రత్యేకంగా చూడాల్సింది వైరింగ్. ఇది అనుభవం మీద చెప్తున్నాను. థండర్‌బర్డ్‌కి ముందు ఒక పాత బండి కొన్నాను. దానికి ఫాగ్ లైట్లు, మొబైల్ చార్జర్, ఇంకో హారన్ ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటేసింది. మొదటి వానకే తార్నాక ఫ్లైఓవర్ ఎక్కుతుంటే లైట్లు, ఇంజన్ అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. వెనక బస్సు హారన్, పైన వాన, బండిని పక్కకి నెట్టుకుంటూ చాలా భయపడ్డాను. మలక్‌పేటలో మా మెకానిక్ భాయ్ ట్యాంకు ఎత్తి చూపించాడు. అసలు వైర్లని మధ్యలో గీకి, కొత్త వైర్లు మెలిపెట్టి, మామూలు టేపు చుట్టారు. ఆ టేపు ఊడి, వైరు ఛాసిస్‌కి ఆని నల్లగా కాలిపోయి ఉంది. అందుకే ఇప్పుడు సీటు, సైడ్ ప్యానెళ్ళు విప్పించి చూడకుండా కొనను. విప్పడానికి ఒప్పుకోకపోతే వచ్చేస్తాను.

సీటు తీసినప్పుడే క్యారియర్ బిగించిన చోట ఛాసిస్ పైపుల్ని టార్చ్‌తో చూడండి. సామాన్లు మోసి మోసి వెల్డింగ్ దగ్గర పగుళ్ళు రావచ్చు. కొత్తగా వెల్డింగ్ చేసి పైన పెయింట్ కొట్టినా తెలిసిపోతుంది. ట్యాంకు మూత తీసి లోపల కూడా టార్చ్ వేయండి. 20 లీటర్ల ట్యాంకు మనకి వరమే, నేను పది రోజులకోసారి బంకుకి వెళ్తాను. కానీ సగం ఖాళీగా నెలల తరబడి నిలబెట్టిన బండిలో లోపలంతా తుప్పు పడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది తేమని లాక్కుంటుంది. పదేళ్ళనాటి కార్బొరేటర్ బండ్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొనగానే పెట్రోల్ పైపు కొత్తది వేయించండి, చాలా చవక.

మిగతావి త్వరగా అయిపోతాయి. సెంటర్ స్టాండ్ వేసి హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో పట్టేసినట్టుంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) పోయినట్టే. ముందు ఫోర్క్ రాడ్ల మీద ఆయిల్ తడి ఉంటే సీల్స్ మార్చాలి. వెనక పళ్ళచక్రం మీద చైన్‌ని వెనక్కి లాగితే సగం పన్ను బయటికి కనిపించకూడదు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాడులు లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడితే వానలో జారుతుంది. 2013 బండికి ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా వేసినా చక్రం బిగుసుకోకుండా ఆపేది) లేదు కాబట్టి ఈ ఒక్క విషయంలో పిసినారితనం వద్దు, నేను రెండు టైర్లూ వెంటనే మార్చాను.

మీటర్‌లో కిలోమీటర్లు నేను పెద్దగా పట్టించుకోను. 80 వేలు తిరిగినా, హైవే మీద తిరిగి టైముకి ఆయిల్ మార్చిన బండి, ముప్పై వేలు ఊళ్ళోనే హాఫ్ క్లచ్‌లో నలిగినదానికంటే నయం. మీటర్‌ని మార్చొచ్చు, కానీ అరిగిన ఫుట్‌రెస్ట్ రబ్బరు, నున్నబడిన బ్రేక్ పెడల్ అబద్ధం చెప్పవు.

స్పేర్ పార్ట్స్ సంగతి బేరానికి ముందే తేల్చుకోండి. థండర్‌బర్డ్ 2020లో ఆగిపోయినా, ఆ ఇంజన్ కుటుంబం బుల్లెట్ 350లో 2023 దాకా నడిచింది కాబట్టి ఇంజన్ సామాన్లకి ఇబ్బంది లేదు. ఆగిపోయిన వేరే మోడళ్ళు చూస్తుంటే కోఠిలోనో, మీ మెకానిక్ దగ్గరో హెడ్‌లైట్, క్లచ్ ప్లేట్లు, మీటర్ దొరుకుతాయా అని ముందు కనుక్కోండి.

కాగితాలు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్, ఇంజన్ నంబర్లు బండి మీదవాటితో కలవాలి. ప్రైవేటు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. 2013 బండి అంటే 2028లో రెన్యువల్, ఫిట్‌నెస్, గ్రీన్ టాక్స్. ఆ ఖర్చు, తిరుగుడు ధరలో తగ్గించుకోండి. ఏపీ 09, ఏపీ 28 లాంటి నంబర్లు చూసి కంగారు పడక్కర్లేదు, అవి రాష్ట్రం విడిపోకముందు మన దగ్గర రిజిస్టరైనవే. 2014 తర్వాత ఆంధ్రలో రిజిస్టరైన బండిని తెస్తే మాత్రం ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడి లైఫ్ టాక్స్ ఉంటాయి. ఫైనాన్స్ తీరిపోయిందని నోటిమాట చెప్తే వినకండి. ఆర్‌సీలో అప్పిచ్చిన బ్యాంకు పేరు ఉన్నంతకాలం ట్రాన్స్‌ఫర్ కాదు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీసేయడానికి) చేతికి వచ్చాకే డబ్బులు. చలాన్లు బండి నంబర్ కొట్టి మీరే చూసుకోండి.

నా బండికి 65 వేలు అడిగితే 58కి వచ్చింది. టైర్లు, చైన్ కిట్, ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు కలిపి ఇంకో 14 వేలు అయ్యాయి. ఆ రెండో అంకె ముందే పక్కన పెట్టుకుని బేరానికి కూర్చోండి.

డబ్బులిచ్చేటప్పుడు పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద ఓనర్ సంతకాలు తీసుకోండి, రెండో తాళంచెవి అడగండి. 30 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోండి, ఇన్సూరెన్స్ మార్పుకి మాత్రం 14 రోజుల్లోనే అప్లై చేయండి. రాసుకున్న కాగితంలో బండి అప్పగించిన తేదీతో పాటు టైం కూడా వేయించండి. అదే రోజు పొద్దున అతను సిగ్నల్ జంప్ చేసిన చలాన్ సాయంత్రానికి కనిపిస్తే, ఎవరు కట్టాలన్నది ఆ టైం చూసి తేల్చుకోవచ్చు.