రేకుల షెడ్డులో వేసవి వడ్రంగం

విజయవాడ సత్యనారాయణపురంలో మా కారు షెడ్డే నా వర్క్‌షాప్. పైన సిమెంటు రేకులు. మే నెల మధ్యాహ్నం లోపల నిలబడలేం. అందుకే పని కప్పుతోనే మొదలుపెట్టాలి.

ఉగాది లోపే సున్నం నానబెట్టి, వడగట్టి, కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయండి. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. పాత రేకును పొడిగా గీకొద్దు, ఆ దుమ్ములో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్‌బెస్టాస్ నార ఉండొచ్చు. రేకు మీద కాలు పెట్టొద్దు, విరుగుతుంది. నిచ్చెన మీద నిలబడి, పొడుగు కర్రకు కుంచె కట్టి పూయండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గోడ పైభాగంలో ఉండాలి, వేడి గాలి చేరేది అక్కడే. ఎదురు గోడకు కింద గాలి వచ్చే దారి వదలండి.

జిగురు పని తెల్లవారుజామునే. ఎండ వేళ ముక్కలు కలిపేలోపే ఫెవికాల్ పైపైన ఆరిపోతుంది, అతుకు నిలవదు. పోయినేడు మా అమ్మాయి స్టూలు కాలు అలాగే ఊడొచ్చింది, చాలా బాధేసింది. ముందు జిగురు లేకుండా అన్నీ బిగించి చూడండి. ముక్కల్ని బిగించి పట్టే క్లాంపులు చేతికందేలా పెట్టుకుని అప్పుడు రాయండి.

డ్రిల్ బ్యాటరీని ఇంట్లోనే ఛార్జ్ చేయండి. 40 డిగ్రీలు దాటిన వేడిలో పెడితే లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. పనయ్యాక ఉలులు తుడిచి మెషిన్ ఆయిల్ రాయండి, చెమట చేతి ముద్రకే తుప్పు పడుతుంది.