పాత స్పోర్ట్స్ కారుకు బ్రేకు డిస్కులు మార్చే ముందు

మోడల్ సంవత్సరం ఒక్కటే చూసి డిస్కులు కొనవద్దు. ఏడాది మధ్యలో బ్రేకులు మారిన కార్లున్నాయి; పాత యజమాని వేరే కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) బిగించి ఉండవచ్చు కూడా. ఛాసిస్ నంబరుతో సరిచూసి, పాత డిస్కు విప్పి వ్యాసం, మందం, మధ్యలో టోపీలా ఉబ్బిన భాగం ఎత్తు కొలవండి. ఎత్తులో 2 మిల్లీమీటర్ల తేడా ఉన్నా డిస్కు కాలిపర్ నడుమ కుదరదు.

డిస్కు రెండు ముఖాల నడుమ గాలి ఆడేందుకు ఉండే రెక్కలు వంపు తిరిగి ఉంటే ఎడమ, కుడి డిస్కులు వేరు. రెక్కల బయటి కొసలు చక్రం తిరిగే దిశకు వెనక్కి వాలాలి. డిస్కు ముఖం మీది గాడులను చూసి ఎడమ, కుడి తేల్చుకుని మోసపోకండి.

హబ్ (డిస్కు, చక్రం బిగించే భాగం) ముఖం మీద తుప్పు గీకేయండి. చిన్న పొలుసు మిగిలినా తర్వాత పెడల్ అదురుతుంది.

కొత్త డిస్కుకు పూసిన నూనెను బ్రేకు క్లీనరుతో తుడవండి. ప్యాడ్లు పీల్చుకుంటే పనికిరావు.

పాత ప్యాడ్లా? వద్దు.