రోహిణి కార్తెలో ఇన్సులిన్ చెడకుండా చూసుకోవడం

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు రోహిణి కార్తెలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పైగా కరెంటు కోతలు. సీలు తీయని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌కు ఆనుకొని వద్దు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు.

వాడుతున్న సీసా మీద తెరిచిన తేదీ రాయండి. చాలా రకాలు 28 రోజులే, అదీ 30 డిగ్రీల లోపు ఉంచితేనే.

ఫ్రిజ్ లేకపోతే పెద్ద కుండలో చిన్న కుండ దింపి, సందు నిండా ఇసుక పోసి, ఉదయం సాయంత్రం ఇసుక తడపండి. సీసాను బిగుతు మూత డబ్బాలో పెట్టి చిన్న కుండలో ఉంచి, పైన తడి గోనెపట్టా కప్పండి. కుండ గాలాడే నీడలో ఉండాలి, పొయ్యి దగ్గర కాదు. సముద్రం గాలికి ఉక్కపోసే రోజుల్లో తడి తొందరగా ఆరదు కాబట్టి కుండ అంత చల్లబడదు. అలాంటప్పుడు పక్కింటి అక్కను ఫ్రిజ్‌లో కాస్త చోటడగండి, మొహమాటం వద్దు.

అక్కడ ఇంకొకరి మందు కూడా ఉంటే డబ్బా మీద పేరు రాసి తీరాలి. ఎందుకంటే సీసాలు రెండు రకాలు: మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు ఎర్రమూత సిరంజి, 100 ఉండేదానికి నారింజ మూతది. 100 మందును ఎర్రమూత సిరంజితో ఎక్కిస్తే రెండున్నర రెట్లు పడి, షుగర్ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుంది.

నీళ్లలా ఉండాల్సిన మందు మబ్బుగా కనిపించినా, పాలలా తెల్లగా ఉండే రకం మందు కలిపాక కూడా ఉండలు కట్టినా పారేయండి. తిండి మారకుండా షుగర్ పెరిగితే మోతాదు మీరే పెంచకండి. కొత్త సీసా తెరిచి డాక్టరుకు ఫోన్ చేయండి.