పెంబర్తి, చేర్యాల చూడడానికి వెళ్లేవారికి

వరంగల్ నుంచి హైదరాబాద్ వైపు వెళ్తుంటే జనగామ దాటిన కాసేపటికే జాతీయ రహదారి పక్కన పెంబర్తి వస్తుంది. ఇత్తడి, కంచు రేకుల మీద ఉలితో బొమ్మలు తేల్చే విశ్వకర్మల ఊరు ఇది. కాకతీయుల కాలం నుంచి ఇక్కడ ఈ పని సాగుతున్నదని చెబుతారు. 1323లో ఆ రాజ్యం కూలిపోయి గుళ్ల పని తగ్గిపోయింది. ఆ తరువాత నిజాంల కాలంలో పాన్‌దాన్లు, అత్తరు పాత్రలు, వేలాడే దీపాలు చేసి ఈ చేతులు మళ్లీ నిలదొక్కుకున్నాయి. కేంద్ర పర్యాటక శాఖ 2023లో ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాలలో పెంబర్తి ఒకటి. ఆ పేరు విని, టికెట్టు కొనుక్కొని వరుసగా చూసి వచ్చే ప్రదర్శనశాలను ఊహించుకొని వెళితే నిరాశ తప్పదు. పని అంతా ఇళ్లలో, ఇంటి ముందరి పాకల్లో, చిన్న చిన్న కార్ఖానాల్లో జరుగుతుంది. కాబట్టి చుట్టాల ఇంటికి వెళ్లేటప్పుడు ఎలా వెళ్తామో అలాగే, ముందుగా కబురు పెట్టి, తీరిక చేసుకొని వెళ్లాలి.

అన్నిటికంటే ముందు చూడవలసింది క్యాలెండరు. మొదటిసారి నేను సెలవు దొరికింది కదా అని తిథి చూసుకోకుండా బయలుదేరాను. ఊళ్లో ఎక్కడా సుత్తి చప్పుడు లేదు. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయనను అడిగితే, "అమాస గదా సారూ, ఇయ్యాల ఉలి ముట్టం" అన్నాడు. "తెల్వలేదు పెద్దయ్యా, మళ్ల వస్త" అని చెప్పి, ఆయన పోయించిన చాయ్ తాగి తిరిగి వచ్చాను. అమావాస్య నాడు చాలామంది పనిముట్లు పట్టరు. విశ్వకర్మ పూజ జరిగే సెప్టెంబరు 17న పనిముట్లకు పూజే తప్ప పని ఉండదు. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య చేరుకుంటే మంచిది; ఎండాకాలమైతే మధ్యాహ్నానికి కొలిమి పక్కన నిలబడడం మనకూ కష్టం, వారికీ కష్టమే.

ప్రయాణం సులువే. కొన్ని ఎక్స్‌ప్రెస్ రైళ్లు, వరంగల్–హైదరాబాద్ బస్సులు జనగామలో ఆగుతాయి. అక్కడి నుంచి ఆటో దొరుకుతుంది. అదే రోజు కొలనుపాక, యాదగిరిగుట్ట కూడా చుట్టి రావాలనుకుంటే మాత్రం పెంబర్తికి అరగంట కూడా మిగలదు. ఆ అరగంటలో చూడగలిగేది దుకాణం ఒక్కటే, దాని కోసం ఇంత దూరం రానక్కరలేదు.

కార్ఖానాలో కనీసం రెండు గంటలు కూర్చోండి. రేకును ముందుగా ఎర్రగా కాల్చి చల్లారుస్తారు. కాల్చిన రేకు మెత్తబడి చెప్పినట్టు వింటుంది, దెబ్బలు పడేకొద్దీ మళ్లీ బిగుసుకుంటుంది. అందుకే ఒకే బొమ్మకు రేకు పలుమార్లు నిప్పుల మీదికి వెళ్లి వస్తుంది. తరువాత దానిని లక్క పరుపు మీద అతికిస్తారు. వేడి చేస్తే కరిగి, ఆరితే గట్టిపడే ఆ ముద్ద రేకుకు దిండులాంటిది: దెబ్బ పడిన చోట లోపలికి కుంగుతుంది, చుట్టుపక్కల రేకును మాత్రం కదలనివ్వదు. రేకు మీద గీత గీసుకొని, వెనక నుంచి కొట్టి బొమ్మను ఉబ్బిస్తారు. ఆపైన తిప్పి అతికించి, ముందు వైపు నుంచి సన్నటి ఉలులతో కళ్లు, నగలు, చీర కుచ్చిళ్లు తీరుస్తారు. పనివాని పక్కన పదుల సంఖ్యలో ఉలులు పేర్చి ఉంటాయి; మొన మొద్దుగా ఉన్నది ఒకటి, గుండ్రంగా ఉన్నది ఒకటి, చుక్క పెట్టేది ఒకటి. ఆయన తల ఎత్తకుండానే చేయి చాపి కావలసినదాన్ని తీసుకుంటాడు. సుత్తి చప్పుడు మారడం గమనించండి. ఉబ్బించేటప్పుడు బరువుగా, నిదానంగా పడే దెబ్బ, కన్ను తీర్చే దగ్గరికి వచ్చేసరికి గడియారం టిక్‌టిక్‌మన్నంత చిన్నదవుతుంది. ఆ సమయంలో ప్రశ్నలు వేయవద్దు. చేయి ఆగినప్పుడు అడిగితే ఆయనే అన్నీ చెబుతాడు.

ఫొటో తీసే ముందు అనుమతి అడగండి. ధ్వజస్తంభం తొడుగులు, మకర తోరణాలు, దేవుళ్ల కవచాలు గుళ్ల వాళ్లు చేయించుకొనేవి. అవి ప్రతిష్ఠ కాకముందే నలుగురి ఫోన్లలో తిరగడం కొందరికి నచ్చదు. పనిచేసే చోటికి చెప్పులతో వెళ్లకపోవడం మర్యాద. పిల్లలు వెంట ఉంటే కరిగిన లక్కకు దూరంగా కూర్చోబెట్టండి, అది చర్మానికి అంటుకుంటే ఊడి రాదు.

కొనడానికి వచ్చేసరికి ఒక విషయం తెలిసి ఉండాలి. పోత పోసిన వస్తువు గట్టిగా, బరువుగా ఉంటుంది. దానికి తూకం లెక్కన ధర కట్టడం వాడుక. రేకు మీద చెక్కినది తేలికగా, లోపల గుల్లగా ఉంటుంది. దాని ధరలో లోహం కొంతే, మిగిలినదంతా రోజుల తరబడి చేసిన పని. "కిలో ఎంత?" అని అడిగితే ఆయన ఒకసారి మన ముఖం చూసి ఊరుకుంటాడు. ఎన్ని రోజులు పట్టిందో అడగండి, ధర దానంతట అదే అర్థమవుతుంది. వస్తువును తిరగేసి వెనక భాగం కూడా చూడండి. చేతితో చేసినదైతే ముందు ఉబ్బిన ప్రతి చోటా వెనక సొట్టలు ఎగుడుదిగుడుగా, ఉలి గుర్తులతో కనిపిస్తాయి. మర అచ్చుతో కొట్టినదానికి వెనక కూడా ముందులాగే నున్నగా, ఒకదానికొకటి తేడా లేకుండా ఉంటుంది. ధరల అందాజు కావాలంటే 'గోల్కొండ' అనే ప్రభుత్వ హస్తకళల దుకాణంలో ముందుగా ఒకసారి చూసి వెళ్లవచ్చు, కానీ కొనేది మాత్రం ఊళ్లోనే, చేసిన మనిషి చేతికే డబ్బు అందేలా కొనాలని నా అభిప్రాయం. ఆఫీసు సన్మానాలకు జ్ఞాపికలు కావలసినవారు కొలతలు, బొమ్మ కాగితం మీద ఇచ్చి, కొంత బయానా కట్టి, కొన్ని వారాల గడువు ఇవ్వాలి. ఇత్తడి ధర రోజుకొక తీరుగా ఉంటుంది, రేకు ముందే కొని పెట్టుకోవాలి. బయానా అడిగినందుకు నొచ్చుకోవద్దు.

మిగిలిన పూట చేర్యాలకు కేటాయించవచ్చు. జనగామ నుంచి సిద్దిపేట దారిలో బస్సు ఎక్కితే చాలు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో మాత్రం ఆ దారిన వెళ్లకండి. కొమురవెల్లి మల్లన్న జాతర జనంతో బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. చేర్యాలలో నకాషీలు అనే చిత్రకారులు బట్ట మీద కథలుగా గీసే పటాలు అసలు గోడకు తగిలించుకోవడానికి పుట్టినవి కావు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవారు ఈ పటాలను ఊరి నడుమ ఒక్కొక్క వరుసగా విప్పుతూ రాత్రంతా చెప్పేవారు. అటువంటి పటం 60 అడుగులు కూడా ఉండేది. అందుకే చిన్న పటం కొన్నా, అందులో ఉన్నది ఏ కులం వారి కథ, ఎక్కడ మొదలై ఎటు నడుస్తుందో గీసినవారితో ఒకసారి చెప్పించుకోండి. ఎర్రటి నేల మీద వేసిన ఆ మనుషులు అప్పుడు కదులుతారు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పట్టించి ఆరబెట్టడం కూడా వీలైతే చూడండి. చింతగింజల అంబలినే రంపపు పొట్టుతో కలిపి పునికి కర్ర బొమ్మలకు పట్టిస్తారు. కొబ్బరి చిప్పల మీద చేసే చిన్న ముఖాలు ఎక్కువ డబ్బు పెట్టలేనివారికి అందుబాటులో ఉంటాయి.

పటాన్ని ఎప్పుడూ మడవకూడదు. మడత పడిన చోట సుద్ద పూత పగిలి రంగు రాలుతుంది. గట్టి అట్ట గొట్టం ఇంటి నుంచే తీసుకువెళ్లి, బొమ్మ బయటి వైపు ఉండేలా వదులుగా చుట్టి పెట్టుకోండి, తడి తగలనివ్వకండి. పెంబర్తి ఇత్తడికి పైన మెరుగు పూత వేశారో లేదో అడిగి తెలుసుకోండి. పూత లేనిదాన్ని చింతపండుతో తోమి, వెంటనే కడిగి, పొడి గుడ్డతో తుడిస్తే తళతళలాడుతుంది. పూత ఉన్నదాన్ని అలా తోమితే పూత మచ్చలు మచ్చలుగా లేచిపోతుంది, మెత్తటి గుడ్డతో దుమ్ము దులిపితే చాలు. బస్సులో వచ్చేటప్పుడు రెండింటినీ ఒడిలోనే పెట్టుకోండి. పై అరలో పెడితే పక్కవాళ్ల సంచుల కింద నలిగి రేకు సొట్టపడుతుంది, ఆ సొట్ట తీయించడానికి మళ్లీ పెంబర్తికే రావాలి.